ఈ ఏడాదికి ఇద్దరే

ఫిబ్రవరి 4

నిర్ణయం అయిపోయింది. ఎంబీఏ.

అక్కకి చెప్పాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చి వాటేసుకుంది. "హమ్మయ్య, ఇన్నాళ్ళకి నా చెల్లెలికి బుద్ధొచ్చింది" అంది. బావ టీవీ సౌండు తగ్గించి మరీ "శభాష్" అన్నాడు. బావ టీవీ సౌండు తగ్గించాడంటే మాటలు కాదు.

నిర్ణయం అయిపోయాక ఇంక డైరీ ఎందుకో నాకే తెలియదు. అక్క పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబు వాళ్ళు కొత్త ఏడాదికి పంచారట, నాకిచ్చింది. అట్ట మీద నవ్వుతున్న నోరుంది. నోరు మాత్రమే, మనిషి లేదు. చూస్తే కొంచెం భయంగా ఉంది. బోర్లా పెట్టుకుని రాస్తున్నాను.

మనసు తేలికగా ఉంది. చాలా తేలికగా ఉంది.

ఫిబ్రవరి 5

అయిపోలేదు.

పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకుని "ఎంబీఏ" అని పైకి అన్నాను. ఎవరో పక్కింటావిడ గురించి చెప్తున్నట్టు వినిపించింది. నోట్లో నురగతోనే ఇంకోసారి అన్నాను, అలాగే వినిపించింది.

ఒకసారి అన్నీ వరసగా రాసుకుంటే తేలుతుందేమో. డిగ్రీ అయి నాలుగేళ్ళుగా మా యజమాని పెద్దాయన ఆఫీసులో పన్ను రిటర్నులు తయారు చేస్తున్నాను. తయారు చేయడం వరకే. నాలాంటి మామూలు డిగ్రీవాళ్ళు సంతకం పెట్టకూడదు, పెట్టాలంటే పైచదువు కావాలి. కాబట్టి పైచదువు. ఇంతవరకు బాగానే ఉంది.

ఏ పైచదువు అన్నదగ్గర నా బుర్ర పనిచేయడం మానేస్తుంది. పన్నుల మాస్టర్స్ ఈ ఊళ్ళోనే ఉంది, సాయంత్రం క్లాసులు, ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు. ఎంబీఏ అయితే వేరే ఊరు, రెండేళ్ళు హాస్టలు. అది పూర్తి చేస్తే పెద్ద కంపెనీలో పన్నుల విభాగంలో చోటు చూపిస్తానని బావకి తెలిసిన మేనేజరు మాటిచ్చాడు. మార్చి నెలాఖరుకల్లా ఏదో ఒకదానికి దరఖాస్తు పంపాలి. రెండిటికీ పంపుదామంటే రెండు కాలేజీలూ ఒకటే యూనివర్సిటీ కింద, ఒక మనిషికి ఒకే దరఖాస్తు.

వరసగా రాశాను. ఏమీ తేలలేదు.

ఫిబ్రవరి 11

ఇవాళ పెద్దాయన మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడి మోకాళ్ళు రుద్దుకుంటూ, "ఇంకెంత కాలం లాగుతానమ్మాయ్ ఈ బండి" అన్నారు. అని నా వైపు చూశారు. కిటికీ వైపు చూశారేమో కూడా. నేను కిటికీ పక్కనే కూర్చుంటాను కాబట్టి చెప్పలేను.

కానీ నాకైతే అర్థమైంది. ఆఫీసు నా చేతుల్లో పెట్టాలని ఆయన ఆలోచన. పైకి అనలేకపోతున్నారు. పన్నుల మాస్టర్స్ చేస్తే సంతకం పెట్టే అర్హత వస్తుంది, ఆయన నిశ్చింతగా ఇంట్లో కూర్చుంటారు. పని నేర్పి ఇంత చేసిన మనిషికి నేను ఆ మాత్రం చేయకపోతే ఎలా?

అంటే పన్నుల మాస్టర్సే. నిర్ణయం అయిపోయింది. ఆయన కోసం.

ఈ ఆఫీసు పద్ధతి ఇంకెక్కడా ఉండదు. రిటర్ను తయారయ్యాక నీలం ఫైల్లో పెట్టి కిటికీ పక్కన ట్రేలో వేయాలి. ట్రేలో పడిన ఫైలుని మా సీనియరావిడ రేడియోగారు మొదటి నుంచి చివరి దాకా పైకి చదువుతారు. ఆ ఫైలు తాలూకు మనిషి ఎదుటి కుర్చీలో కూర్చుని అంతా వినాలి. ఆఖర్న ఒకే ప్రశ్న: "ఇది మీరే చెప్తున్నారా, ఎవరైనా చెప్పమన్నారా?" మనిషి "నేనే" అన్నాకే కలం చేతికిస్తారు. పెద్దాయన ఆఫీసు తెరిచినప్పటి నుంచీ ఇంతే.

రేడియోగారికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. పిల్ల పుట్టిందన్నా, షాపు మునిగిందన్నా ఒకటే గొంతు. వాతావరణం చెబుతున్నట్టు చెబుతారు. ఆవిడకి జలుబు చేసినా, జనం ఎక్కువైనా నేను చదువుతాను. నా గొంతు మధ్యలో వణుకుతుందని ఆవిడకి కోపం.

ఫిబ్రవరి 16

అక్కకి ఇంకా చెప్పలేదు. ఇంట్లో ఎంబీఏ, ఆఫీసులో పన్నుల మాస్టర్స్. మధ్యలో బస్సులో ఏదీ లేదు, హాయిగా ఉంటోంది.

యూనివర్సిటీ అడ్మిషన్ల ఆవిడకి ఫోన్ చేశాను. అంతా ఓపిగ్గా విని, "మీ గొంతు చూస్తే మీకు లా బాగుంటుందనిపిస్తోందండీ" అంది. గొంతు చూడటమేమిటో. పన్నుల కేసులు వాదించేవాళ్ళకి మంచి గిరాకీ అట.

ఫిబ్రవరి 17

లా. అవును, లా! ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదు?

ఫిబ్రవరి 18

లా కాదు. కూరగాయల షాపులో చిల్లర తక్కువిస్తే అడగలేక వచ్చేశాను. నేను కోర్టులో వాదిస్తానట.

ఫిబ్రవరి 27

ఇవాళ గడియారాలాయన వచ్చారు.

మార్కెట్ వెనక సందులో ఆయన రిపేరు షాపు. ఏటా దంపతులిద్దరూ కలిసి వచ్చేవారు. ఇక్కడ భార్యాభర్తలు ఇద్దరి పేరా కలిపి ఒకే రిటర్ను వేసుకోవచ్చు. షాపు కాగితాలన్నీ భార్యే చూసుకునేది. రేడియోగారు చివరి ప్రశ్న అడగగానే ఆయన చెయ్యి భార్య వైపు చూపించి "ఈవిడ చెప్పమందండీ" అనేవారు. ఆఫీసంతా నవ్వు. రేడియోగారు మాత్రం నవ్వేవారు కాదు. "సరిగ్గా చెప్పండి" అనేవారు. అప్పుడాయన బుద్ధిగా "నేనే" అనేవారు. ఏటా ఇదే జోకు, ఏటా ఇదే నవ్వు.

నవంబర్లో ఆవిడ పోయారు.

ఆయన లోపలికి వచ్చి అలవాటు కొద్దీ గోడ దగ్గర నుంచి రెండో కుర్చీ కూడా లాగారు. లాగి ఒక క్షణం ఆగారు. మళ్ళీ వెనక్కి జరపలేదు. దాని మీద సంచి పెట్టుకున్నారు.

రేడియోగారు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు కాబట్టి నేను చదివాను. రెండో లైను దగ్గరే ఆయన చెయ్యెత్తారు.

"ఆగమ్మా. ఇద్దరమని ఉంది."

"అవునండీ బాబాయిగారూ."

"పోయిన ఏడాది కాగితం చూసి ఎక్కించేశావా ఏంటి? పాపం, పని ఒత్తిడి. కొట్టేసి రాసుకో."

"పొరపాటు కాదండీ. మనిషి పోయిన ఏడాదికి ఇద్దరుగానే వేయొచ్చు. నవంబరు దాకా పిన్నిగారు ఉన్నారు కదా. ఈ ఏడాదికి ఇద్దరే."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"ఒప్పుకుంటారా వాళ్ళు?"

"రూల్లోనే ఉందండీ."

"అయితే మళ్ళీ చదువు ఆ లైను."

చదివాను. నా గొంతు ఏమైందో రాయను. రేడియోగారు లేరు కాబట్టి బతికిపోయాను.

"మరి వచ్చే ఏడాది?" అన్నారు.

"వచ్చే ఏడాది ఒక్కరేనండీ."

ఆయన తల ఊపారు. చాలాసేపు ఊపుతూనే ఉన్నారు. తర్వాత అన్నారు, "అప్పుడు కూడా నువ్వే చదువు తల్లీ. ఆ మాట ఎప్పుడూ చదివే ఆవిడ గొంతులో వినలేను, ఏమనుకోకు."

"అలాగేనండీ. నేనే చదువుతాను."

చివరి ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. కానీ అడగకపోతే ఆయనే ఊరుకోలేదు. "అడగవేమ్మా?" అన్నారు. అడిగాను. సంచి పెట్టిన కుర్చీ వైపు చూశారు. "కాగితాలన్నీ ఆస్పత్రికి వెళ్ళే ముందు ఆవిడే సర్ది పెట్టింది. ఆవిడే చెప్పమంది" అన్నారు. నేను సరిచేయలేదు. కలం ఇచ్చాను.

ఆయన వెళ్ళాక పెద్దాయనని అడిగాను, అసలు ఆ రూలు ఎందుకు పెట్టారండీ, పోయిన మనిషిని పోయిన రోజు నుంచే తీసేయొచ్చు కదా అని. "ఏమో అమ్మాయ్, ఎవడో మంచివాడు రాసుంటాడు" అన్నారు. నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషి. ఆయనకీ తెలియదు.

ఎవరు రాసి ఉంటారు? ఏ గదిలో, ఎవరితో పోట్లాడి?

ఫిబ్రవరి 28

నోరు జారాను. వచ్చే ఏడాది నేను ఎక్కడుంటానో నాకే తెలియదు, నేనే చదువుతానని మాటిచ్చేశాను. ఎంబీఏ అయితే అప్పటికి హాస్టల్లో ఉంటాను.

ఒక లైను పైకి చదవడం కోసం ఎవరైనా డిగ్రీ ఎంచుకుంటారా? ఇది గడియారాలాయన గురించి కాదు. ఆయన మంచివారు, అర్థం చేసుకుంటారు. రేడియోగారు చదివినా అదే రిటర్ను, అవే అంకెలు.

ఆయన గురించి కాదు.

మార్చి 6

అక్కకి తెలిసిపోయింది. నేను చెప్పలేదు. ఎంబీఏ ఫారం తెచ్చావా అని అడిగితే నా మొహం చెప్పేసింది.

ఇద్దరం వంటగదిలో నిలబడే ఉన్నాం. అక్క కూర తరుగుతూనే మాట్లాడింది. కత్తి చప్పుడు పెరిగింది.

"బావ ఆ మేనేజరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో తెలుసా నీకు?"

"నేను తిరగమన్నానా?"

"ఏంటే ఆ మాట? చిన్నప్పటి నుంచి నీకేం కావాలో నువ్వెప్పుడైనా చెప్పావా? స్కూలు నేనే చూశాను. కామర్సులో నేనే చేర్పించాను. జుట్టు కత్తిరించుకోవాలన్నా అక్కా అంటూ వచ్చేదానివి. ఇప్పుడేమో నేను తిరగమన్నానా అంటోంది!"

"అందుకే కదా."

"ఏంటి అందుకే?"

ఏంటో నాకూ తెలియలేదు. మాట నోట్లోంచి వచ్చేసింది, దాని వెనక ఇంకేం రాలేదు.

"నీకు భయమే" అంది అక్క, ఈసారి మెల్లిగా. "పెద్ద చోటంటే భయం. ఆ ఆఫీసులో నలుగురు ముసలాళ్ళు తల్లీ తల్లీ అంటుంటే అక్కడే ఉండిపోదామనుకుంటున్నావు. ముప్పయ్యేళ్ళొచ్చాక ఏడుస్తావు. అప్పుడు ఓదార్చాల్సింది నేనే."

అది నిజమైతే? ఇప్పుడు నన్ను తినేస్తున్నది అదే. నాకు ఆ ఆఫీసు ఇష్టమా, లేక బయటికి వెళ్ళడానికి భయమా? రెండూ లోపల ఒకేలా ఉన్నాయి. ఎలా తెలుస్తుంది ఎవరికైనా?

బావ వచ్చి వాతావరణం చూసి, "అయినా మనింట్లో ఇద్దరిదీ పన్నుల పనే కదా, ఒకరు కట్టిస్తారు, ఒకరు పెట్టిస్తారు" అని జోకేశాడు. ఇద్దరం ఒకేసారి అతని వైపు చూశాం. టీవీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మార్చి 7

అక్క మాట్లాడటం లేదు. కానీ టిఫిన్ డబ్బా కట్టింది. రోజూకన్నా ఎక్కువే పెట్టింది.

మార్చి 12

నేను ఈ ఆఫీసుకి ఇంక వెళ్ళను.

అసలు తప్పు నాదే. పని తగ్గిన సాయంత్రాల్లో దరఖాస్తులో ఏం రాయాలో చిత్తు ప్రతులు రాసుకుంటున్నాను. ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు అని ఒక ప్రశ్న ఉంది కదా, దానికి. ఎంబీఏకి ఒకటి, మాస్టర్స్‌కి ఒకటి, లాకి కూడా ఒకటి రాసి పారేయకుండా ఉంచాను. వేరే విధంగా సర్దుకోవడం చేతకాదు కాబట్టి నీలం ఫైల్లో పెట్టుకున్నాను. పైన క్లయింటు అని ఉన్నచోట నా పేరు రాశాను, సరదాకి. నిన్న వెళ్ళేటప్పుడు చేతిలో ఉన్న ఫైళ్ళన్నీ ట్రేలో వేసి వెళ్ళాను. ఎన్నేళ్ళ అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

ఇవాళ మధ్యాహ్నం నేను బీరువా దగ్గర ఉంటే రేడియోగారి గొంతు వినిపించింది, నా పూర్తి పేరుతో. "ఉన్నారా? వచ్చి కూర్చోండి."

వెళ్ళి చూస్తే ఆవిడ చేతిలో నా చిత్తు ప్రతుల ఫైలు. "అయ్యో, అది నాదండీ, ఇటివ్వండి" అన్నాను.

"నీదని రాసే ఉంది. కూర్చో."

"అది రిటర్ను కాదండీ!"

"ట్రేలో ఉంది కదా. ట్రేలో ఉంటే చదవాలి."

పెద్దాయన తన గదిలోంచి చూస్తున్నారు. ఆయనైనా వద్దంటారేమో అనుకున్నాను. టీ కప్పు ఎత్తుకున్నారు. నేను వెళ్ళి క్లయింటు కుర్చీలో కూర్చున్నాను. నాలుగేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదు. దాని కాలొకటి పొట్టి, ఊగుతుంది. పాపం, అందరూ దాని మీదే కూర్చుంటున్నారు.

ఆవిడ మొదలుపెట్టారు, వాతావరణం గొంతుతో.

"ఎంబీఏ ఎందుకు. మా బావగారి అనుభవం ప్రకారం పెద్ద సంస్థల్లో స్థిరపడటానికి ఇది అనుకూలమైనది. మా అక్కగారి అభిప్రాయం కూడా ఇదే." పేజీ తిప్పారు. "లా ఎందుకు. అడ్మిషన్ల విభాగంవారి సలహా మేరకు." మళ్ళీ పేజీ. "పన్నుల మాస్టర్స్ ఎందుకు. మా యజమానిగారి వయసు, ఆరోగ్యం దృష్ట్యా ఆఫీసు బాధ్యత నేను స్వీకరించవలసి ఉన్నందున."

పెద్దాయన గదిలో కప్పు సాసర్ మీద పెట్టిన చప్పుడైంది.

ఒక్క అక్షరం వదలకుండా చదివారు, కొట్టివేతలతో సహా. చదవడం అయ్యాక ఫైలు మూసి, నా మొహంలోకి చూసి అడిగారు, "ఇది మీరే చెప్తున్నారా, ఎవరైనా చెప్పమన్నారా?"

ఆవిడ ఆ ప్రశ్నని ఎవరితో అన్నా మీరు అనే అంటారు. అది కూడా పద్ధతే.

నేను "నేనే" అనాలి. వేలసార్లు విన్నాను ఆ మాట. నోరు తెరిచాను, రాలేదు. రేడియోగారు కలం ఇవ్వలేదు. ఫైలు వెనక్కిచ్చి, "తర్వాత రండి" అన్నారు. జవాబు చెప్పలేని క్లయింట్లందరికీ అదే అంటారు.

సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 13

జ్వరమని ఫోన్ చేశాను. జ్వరం లేదు. అక్క నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి ల్యాబుకి వెళ్ళింది.

మార్చి 17

వెళ్ళకుండా ఎన్నాళ్ళు? వెళ్ళాను. పెద్దాయన లోపలికి పిలిచారు.

"నా ఆరోగ్యం దృష్ట్యా అని రాశావు. నా ఆరోగ్యానికేం?"

"మోకాళ్ళు..."

"నా మోకాళ్ళకి నీ చదువుతో ఏం పనమ్మాయ్?"

ఏం చెప్పను? బండి లాగలేనన్నారు కదా, నా వైపు చూశారు కదా అన్నాను. ఆయన తెల్లబోయారు. "నేను ట్రే మార్చాలని చూశాను. అంచు విరిగిపోయింది" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆఫీసుని స్టేషన్ రోడ్డులో పెద్ద సంస్థకి అప్పగించేస్తున్నారు. మాటలు కిందటి ఏడాదే అయిపోయాయి. జూన్‌లో ఫైళ్ళన్నీ అక్కడికి వెళ్తాయి. నన్నూ రేడియోగారినీ కూడా తీసుకుంటామన్నారట, ఇష్టమైతే.

ఒళ్ళు మండిపోయింది. "నాకొక్క మాట చెప్పలేదేమండీ?" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఏమో. ఏదో ఒకటి."

"నాకోసం ఏదో ఒకటి చేసేదానివి. ఇప్పుడు చేయబోయావుగా, చూశాను." టేబులు మీద కాగితాలు పక్కకి జరిపి, "చెప్పాల్సిందే. తప్పు నాదే" అన్నారు. ఆయన అలా అనేసరికి నా కోపానికి ఇంక చోటు లేకుండా పోయింది. కోపం అలాగే మోసుకుని ఇంటికి వచ్చాను.

అంటే ఇన్నాళ్ళూ నేను ఆయన కోసం త్యాగం చేస్తున్నాననుకుంటూ తిరిగాను. ఆయన ట్రే చూస్తున్నారు. విరిగిన ట్రే!

సరే. ఇంక ఆఫీసూ లేదు, బాధ్యతా లేదు. ఎంబీఏకి అడ్డమేముంది? అక్క సంతోషిస్తుంది, బావ టీవీ సౌండు తగ్గిస్తాడు. నిర్ణయం అయిపోయింది.

మార్చి 18

అయిపోతే నిద్రలేచిన దగ్గర నుంచి ఈ ఏడుపెందుకు?

మార్చి 20

స్టేషన్ రోడ్డు సంస్థకి వెళ్ళి చూసి వచ్చాను. తిట్టుకోవాలని వెళ్ళాను, కుదరలేదు. ఏడో అంతస్తు, మంచి వెలుతురు. కుర్చీలు ఊగవు. నాకు చూపించడానికి వచ్చిన కుర్రమేనేజరు నవ్వుతూ మాట్లాడాడు. రిటర్ను తయారవ్వగానే క్లయింటు ఫోనుకి వెళ్తుందట, ఒక గడి నొక్కితే ఒప్పుకున్నట్టట.

"చదివి వినిపించరా?" అని అడిగాను.

"ఎవరు వింటారండీ అంతసేపు?"

నిజంగానే చాలామంది వినరు. మధ్యలో ఆవలిస్తారు, ఫోను చూసుకుంటారు. ఒకాయనైతే ఏటా నిద్రపోతాడు. రేడియోగారు చివరి ప్రశ్నకి లేపుతారు.

కానీ గడియారాలాయన? ఆయన ఫోనుకి ఒక రోజు ఒక గడి వస్తుంది. రెండో లైన్లో ఒక్కరు అని ఉంటుంది. షాపులో భూతద్దం కంటికి పెట్టుకుని ఉంటారు. నొక్కండి అంటుంది. ఆయన ఒక్కరే చూసుకుని, నొక్కి, మళ్ళీ భూతద్దం పెట్టుకోవాలి.

లిఫ్టులో ఇది తట్టింది. కింద దిగాక రోడ్డు మీద నిలబడిపోయాను. ఇది గడియారాలాయన గురించే. ఎందుకు కాదు కాదని రాసుకున్నానో తెలియడం లేదు. ఆయన గురించే, ఏటా నిద్రపోయే ఆయన గురించే, ఆ రూలు రాసిన మనిషి గురించే. ఆ ఒక్క లైను వెనక ఏముందో నాకు తెలుసుకోవాలని ఉంది. అలాంటి లైన్లు ఇంకెన్నున్నాయో వెతకాలని ఉంది. సంతకం పెట్టే చోట నేనుంటే ఎవరికి ఎలా వినిపించాలో నేను చెప్పగలను. ఇది చిన్న కోరికో, పెద్ద కోరికో తెలియదు.

భయం కూడా ఉంది. ఉండనీ. ఇష్టం నుంచి భయాన్ని విడదీసే యంత్రమేదీ నా దగ్గర లేదు.

మార్చి 26

పన్నుల మాస్టర్స్ దరఖాస్తుకి కొత్త ప్రతి రాశాను. ఎవరి పేరూ లేదు. గడియారాలాయన పేరు కూడా లేదు, ఒక క్లయింటు అని రాశాను. చాలా చిన్నది. నీలం ఫైల్లో పెట్టి, ఈసారి కావాలనే, ట్రేలో వేశాను.

రేడియోగారు పిలిచారు. ఊగే కుర్చీలో కూర్చున్నాను. చదివారు. "మనిషి పోయిన ఏడాదికి ఇద్దరుగా లెక్కించే నియమం ఎందుకు పుట్టిందో తెలుసుకోవడానికి" అన్నచోట ఆవిడ ఆగారు. ఎప్పుడూ ఆగరు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇది మీరే చెప్తున్నారా, ఎవరైనా చెప్పమన్నారా?"

"నేనే."

కలం ఇచ్చారు.

దారిలోనే దరఖాస్తు పంపి, బస్సులో రసీదు మళ్ళీ మళ్ళీ తీసి చూసుకున్నాను. తప్పు చేశానేమో. పంపేశాను కాబట్టి ఇంక తప్పయినా నాదే. అది కొత్తగా ఉంది.

మార్చి 27

అక్కకి చెప్పాను. గడియారాలాయన సంగతి కూడా చెప్పాను, మొదటిసారి. విన్నంతసేపూ ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఒకే చొక్కాని మళ్ళీ మళ్ళీ.

"బావకి నేను చెప్తాలే" అంది చివరికి. "నాకైతే నచ్చలేదు. నచ్చిందని చెప్పను."

"చెప్పొద్దులే."

"ఎన్ని కట్టుడు పళ్ళు చేశానో నా చేతులతో. వాటితో నవ్వే మనిషిని ఒక్కరిని కూడా చూడలేదు. డబ్బాలో పెట్టి పంపేస్తాం." చొక్కా మడత పెట్టింది. "నువ్వైతే ఎదురుగా కూర్చుంటావు కదా."

ఇంకో చొక్కా తీసింది, నేను నీళ్ళు చల్లి ఇచ్చాను.

ఫిబ్రవరి 21, మరుసటి ఏడాది

ఈ డైరీ ఇస్త్రీ బల్ల వెనక పడిపోయిందట. ఇవాళ అక్క తుడుస్తూ తీసింది. అట్ట మీద నోరు ఇంకా నవ్వుతూనే ఉంది. ఖాళీ పేజీలు చాలా మిగిలాయి.

క్లాసులు కష్టంగా ఉన్నాయి. సగం అర్థం కావడం లేదు. ఎంబీఏ చేయాల్సిందేమో అని వారానికోసారైనా అనుకుంటాను. ఆ రూలు ఎవరు రాశారో ఇంకా దొరకలేదు. మా ప్రొఫెసరుకి కూడా తెలియదట, వెతుకు అన్నారు. స్టేషన్ రోడ్డులో పగలు ఉద్యోగం. అడిగినవాళ్ళకి చదివి వినిపిస్తానని ముందే షరతు పెట్టాను. కుర్రమేనేజరు సామాన్లు పెట్టుకునే గది ఇచ్చాడు. పాత ఆఫీసు నుంచి ఊగే కుర్చీ తెచ్చుకున్నాను. అడిగేవాళ్ళు కొద్దిమందే.

ఇవాళ గడియారాలాయన వచ్చారు. ఏడో అంతస్తు దాకా లిఫ్టెక్కకుండా మెట్లెక్కి వచ్చారు, లిఫ్టులో గడియారం తప్పు చూపిస్తోందని కోపం. రెండో కుర్చీ లాగలేదు.

చదివాను. రెండో లైను.

"ఒక్కడినేనా?" అన్నారు.

"ఒక్కరేనండీ, బాబాయిగారూ."

"ఊఁ. కానీయ్."

మిగతాదంతా చదివాను. గొంతు వణికింది, వణకనిచ్చాను. చివర ప్రశ్న అడిగాను, అడగమని ఆయన అనక ముందే.

"ఇది మీరే చెప్తున్నారా, ఎవరైనా చెప్పమన్నారా?"

ఆయన చెయ్యి అలవాటుగా పక్కకి లేచింది. అక్కడ గోడ ఉంది. చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నారు.

"చెప్పమనేవాళ్ళు ఎవరున్నారమ్మా?" అన్నారు. "నేనే."

కలం ఇచ్చాను. సంతకం పెట్టి మూత పెట్టడం మర్చిపోయారు, నేను పెట్టాను. మెట్ల దాకా వెళ్ళి దింపి వచ్చాను. సాయంత్రం క్లాసుకి ఆలస్యమైంది.